ఒంటి మీది సొమ్ము: అనంతపురం కరువు చరిత్రలో ఒక పుట

నగల గురించి మన సాహిత్యంలో రెండు రకాల మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి ప్రబంధ కవుల మాట. స్త్రీ శరీరాన్ని ఆపాదమస్తకం నగలతో వర్ణించి, ఆ నగను ఎవరు చేశారు, ఎవరి కష్టంతో అది వచ్చింది అనే ప్రశ్నను దగ్గరకు రానీయని మాట అది. రెండోది సంస్కరణోద్యమం నుంచి మనకు వారసత్వంగా వచ్చింది. నగ అంటే ఆడదాని మోజు, మగవాడి అప్పు, లేదా పురుషాధిక్యత తొడిగిన సంకెల అన్నది దాని సారాంశం. అభ్యుదయ రచయితలం మొదటి మాటను తిరస్కరించాం. రెండోదాన్ని పెద్దగా పరీక్షించకుండానే స్వీకరించాం. అందులో నిజం లేదని నేననను. కాని అనంతపురం మెట్టభూముల మీద నిలబడి చూస్తే ఆ నిజం సగమే అనిపిస్తుంది. ఇక్కడ నగకు మూడో చరిత్ర ఒకటి ఉంది. అది కరువు చరిత్ర.

మా అవ్వ కాళ్లకు కడియాలుండేవి కావు, కడియాల మచ్చలుండేవి. రెండు చీలమండల మీదా చర్మం చుట్టూ ఒరుసుకుపోయి, నున్నబడి, కొంచెం తెల్లగా కనిపించేది. చిన్నప్పుడు వేలితో తడిమి అడిగితే, "కడియాలు పోయినా వాటి జాగా పోలేదు నాయనా" అనేది. అవి 1952 కరువులో పోయాయి. ఊళ్లో గంజి కేంద్రం తెరిచిన ఏడు. కుదవ పెట్టారు, విడిపించలేకపోయారు. అంతకు మించి అవ్వ చెప్పలేదు. వాడుకలో మిగిలిన వస్తువును పట్టుకుని గతాన్ని చదవవచ్చునని డి.డి. కోశాంబి మనకు నేర్పాడు. వస్తువు కూడా మిగలనప్పుడు దాని మచ్చనైనా చదవాలి. ఈ వ్యాసం అందుకు ఒక ప్రయత్నం.

మాటతోనే మొదలుపెడదాం. తెలుగులో 'సొమ్ము' అంటే నగ. సొమ్ము అంటే ధనం. ఉత్తరాంధ్ర పల్లెల్లో పశువులను కూడా సొమ్ములంటారు. అలంకారానికీ ఆస్తికీ పశువుకూ ఒకే మాట వాడిన జాతి నగను కేవలం అలంకారంగా చూసి ఉండదు. ముఖ్యంగా స్త్రీ విషయంలో ఇది అక్షరాలా నిజం. భూమి మగవాడి పేరున ఉంది. ఇల్లు మగవాడి పేరున ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి చట్ట సవరణతో గాని రాలేదు. అంతకు ముందు తరాల ఆడదానికి తనది అని చెప్పుకోగలిగిన ఆస్తి ఏదన్నా ఉంటే, అది పుట్టింటి నుంచి ఒంటి మీద పెట్టుకుని వచ్చినదే. కాబట్టి నగ ఎంత పెద్దది, ఎంత బరువైనది అన్న ప్రశ్న ఆమెకు సౌందర్య ప్రశ్న మాత్రమే కాదు. అది ఆమె ఎన్నాళ్లు నిలదొక్కుకోగలదు అన్న ప్రశ్న.

అనంతపురం పీఠభూమికి సహ్యాద్రి అడ్డం వల్ల నైరుతి వానలు సరిగా అందవు. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్య వానలూ బలహీనపడి వస్తాయి. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ కాస్తా కూడా వేళకు పడదు. ఇలాంటి నేల మీద ధాన్యం దాచుకుంటే పురుగు పడుతుంది, పశువును దాచుకుంటే మేత లేక చస్తుంది. మేత అడగనిది, కుళ్లనిది, ఎక్కడికైనా వెంట వచ్చేది లోహం ఒక్కటే. ఈ సంగతి ఇక్కడి ఆడవాళ్లు ఏ నగను ఎంచుకున్నారు, దాన్ని ఎట్లా పెట్టుకున్నారు అన్నదానిలో స్పష్టంగా కనిపిస్తుంది.

భూమీ పెట్టే ఉన్న ఇళ్లలో నగలు రెండు రకాలు. నిత్యం ఒంటి మీద ఉండేవి ఒక రకం: కమ్మలు, ముక్కుపుడక, తాళి, మెట్టెలు, నాలుగు గాజులు. పెళ్లికీ పండగకూ పెట్టెలో నుంచి తీసేవి రెండో రకం: కాసులపేరు, వడ్డాణం, వంకీ. ధర్మవరం పట్టుచీర పెద్ద అంచుతో ఈ రెండో రకం నగ జత కట్టింది. ఆ చీర నేసిన మగ్గం మనిషి ఇంట్లో ఆ చీరా ఉండేది కాదు, ఆ నగా ఉండేది కాదన్నది వేరే కథ. ఉన్నవాళ్ల నగను లేనివాళ్లు పెళ్లి ఒక్క పూటకూ అడిగి తెచ్చుకునేవాళ్లు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఆ పూట భయం నుంచి పుట్టిందే.

కూలి చేసుకునే ఇంట్లో ఈ విభజన లేదు. ఉన్నదంతా నిత్యమూ ఒంటి మీదే. మోకాటి దాకా ఎగ్గట్టిన చీర కింద శేరుకు తూగుతాయేమో అనిపించే వెండి కడియాలు. జబ్బకు దండకడియం. మట్టిగాజుల వరసకు రెండు పక్కలా కాపుగా వెండి మురుగులు. కలుపు తీసేటప్పుడు గాజులు పగలకుండా ఆ మురుగులు కాస్తాయి. కొడవలి పట్టిన చేతికే మురుగు, బురద తొక్కిన కాలికే కడియం. పొలానికి వేరే, తిరునాళ్లకు వేరే అన్నది లేదు. తిరునాళ్ల నాడు చేసేదల్లా చింతపండుతో తోమి మెరుగు పెట్టడం.

ఆ నగల రూపం కూడా గమనించదగ్గది. పట్నం నగ లోపల బోలుగా ఉండి లక్కతో నిండి ఉండవచ్చు, రాళ్లు పొదిగి ఉండవచ్చు. మెట్టప్రాంతపు కడియం గట్టిపోత. రాయి లేదు, లక్క లేదు, సన్నపు పనితనం తక్కువ. దీన్ని మొరటుతనంగా పొరపాటు పడినవాళ్లున్నారు. కాని కుదవకొట్టు తక్కెడ దగ్గర నిలబడితే కారణం తెలుస్తుంది. అక్కడ రాళ్ల బరువు తీసేస్తారు, లక్క బరువు తీసేస్తారు, పనితనానికి చిల్లిగవ్వ ఇవ్వరు. ఎప్పటికైనా అమ్ముకోవలసి వస్తుందని తెలిసిన మనిషి ఎంచుకునే నగ పెద్దదిగా, సాదాగా, గట్టిగా ఉంటుంది. ఆ మొరటుతనంలో ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిన లెక్క ఉంది. ఆ లెక్కకే కళారూపం కూడా వచ్చింది. కంసాలి ఆ సాదాతనంలోనే మెలికలూ చుక్కలూ గీతలూ దించాడు. అవసరం నుంచి సౌందర్యం పుడుతుందని మనం సిద్ధాంతంగా చెప్పుకునే మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఈ లెక్క ఎప్పుడు ఎట్లా తారుమారైందో చూడాలంటే వలస పాలనలోకి వెళ్లాలి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. శిస్తు రొక్కంలో కట్టాలి. రొక్కం అంటే కాలక్రమంలో వెండి రూపాయి అయింది. ఆ రూపాయి బరువు తులం, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 'రూపాయెత్తు' అన్న తూకం మనకు అట్లా వచ్చిందే. పంట పండిన ఏడు నాలుగు రూపాయలు మిగిలితే కంసాలికిచ్చి కరిగించి కడియం చేయించేవాళ్లు. పంట పోయిన ఏడు ఆ కడియమే మళ్లీ రూపాయయ్యేది. కంసాలి మజూరీ, తరుగూ పోయినా, వెండికీ రూపాయికీ మధ్య పెద్ద దూరం లేదు. రైతుకు బ్యాంకు లేని కాలంలో భార్య కాలే బ్యాంకు.

1876–78 మహాకరువు ఈ బ్యాంకును ఖాళీ చేసింది. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ధాన్యం ధర చుక్కలనంటింది. ఒకే వారంలో ఊరంతా కడియాలు విప్పి సంతకు తెస్తే వెండి ధర నేలకు దిగింది. కొనేది ఆకాశంలో, అమ్మేది పాతాళంలో. ఈ రెండు దవడల మధ్య పేదవాడి సొమ్ము నలిగిపోయింది. 1877లో రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ కుదించాడు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ దాన్ని వ్యతిరేకించవలసి వచ్చింది. ఆ ఏళ్లలో రైతుల వెండి నగలు బొంబాయి టంకశాలకు కరిగించడానికి పెద్ద ఎత్తున చేరాయి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య ఈ ప్రాంతం సుమారు ఐదో వంతు జనాన్ని పోగొట్టుకుంది. చనిపోయినవాళ్ల లెక్క నివేదికల్లో ఉంది. విప్పేసిన కడియాల లెక్క మచ్చల్లో మాత్రమే మిగిలింది.

అంతకంటే నిశ్శబ్దంగా జరిగిన దోపిడీ ఇంకొకటి ఉంది. దాన్ని మన చరిత్ర పుస్తకాలు కరెన్సీ సంస్కరణ అంటాయి. 1893 జూన్‌లో ప్రభుత్వం భారత టంకశాలలను ప్రజల వెండికి మూసివేసింది. అప్పటిదాకా ఎవరు వెండి తెచ్చినా నామమాత్రపు రుసుముతో రూపాయలుగా పోసి ఇచ్చేవారు. ప్రపంచ మార్కెట్టులో వెండి ధర పడిపోతుంటే, లండనుకు కట్టవలసిన ఖర్చుల కోసం రూపాయి విలువను నిలబెట్టడానికి ఆ తలుపు మూశారు. రూపాయి నిలబడింది, వెండి పడిపోయింది. శిస్తు రూపాయల్లోనే కట్టాలి. దాచుకున్నది మాత్రం వెండిలో ఉంది. ఎవరి కాలి మీదా చెయ్యి వెయ్యకుండానే, కోట్లాది పేద స్త్రీల కడియాల నుంచి కొంత భాగాన్ని ఒక చట్టం కోసుకుపోయింది. మూడేళ్లు దాటగానే 1896–97 కరువు వచ్చింది. బళ్లారి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో మళ్లీ కడియాలు సంతకెక్కాయి. ఈసారి అదే బరువుకు తక్కువ రూపాయలు వచ్చాయి. కారణం ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

అనంతపురంలో ఒంటి నిండా సొమ్ము అనగానే అందరికీ గుర్తొచ్చేది సుగాలీ స్త్రీ. బంజారాల ఆరాధ్యుడు సేవాలాల్ 1739లో గుత్తి దగ్గరే పుట్టాడని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కను అంతటా తిరిగిన జాతి అది. మొగలు సైన్యాలకూ, తర్వాత కంపెనీ సైన్యాలకూ తిండి మోసింది. తిరిగే మనిషికి ఇల్లు లేదు, పెట్టె లేదు, తాళం లేదు. కాబట్టి ఉన్న సంపదంతా ఒంటి మీద ఉండాలి, నిద్రలోనూ ఉండాలి. చెంపల పక్కన జడకు వేలాడే టోప్లీ, ఘుగ్రీ, మెడలో హాసలీ, రూపాయల దండ, జబ్బ దాకా దంతపు లేదా ఎముక బలియాలు. వీటిలో బలియాలూ ఘుగ్రీ పెళ్లయిన దాని గుర్తులు. భర్త పోతే తీసెయ్యాలి. అంటే పితృస్వామ్యం అక్కడా లేకపోలేదు. ఒకే నగ ఆస్తీ అయింది, ఆంక్షా అయింది. ఈ రెంటినీ కలిపి చూడకపోతే నగ అర్థం కాదు.

1871లో మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం పూర్తయింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా వెళ్లే ఆ పట్టాలు ఎద్దుల బిడారు బతుకును కాజేశాయి. విచిత్రమేమిటంటే నేరస్థ జాతుల చట్టం కూడా అదే 1871లో పుట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. సుగాలీ గుంపులు కూడా దాని కిందికి వచ్చాయి. 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. ఎద్దు పోయిన మనిషికి అమ్ముకోవడానికి మిగిలింది భార్య ఒంటి మీది వెండి. పుట్టుకతోనే దొంగ అని ముద్ర పడ్డ మనిషి ఆ వెండిని సంతకు తెస్తే కొనేవాడు ఏ కళ్లతో చూసి ఉంటాడో, ఎంతకు బేరమాడి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. అనుమానం కూడా ధర తగ్గించే సాధనమే.

నగ పెట్టుకోవడం పేదవాడి ఇష్టం మీద ఆధారపడిన విషయమేనా అన్న ప్రశ్నకు దక్షిణాది చరిత్ర రెండు గట్టి జవాబులిస్తుంది. 1930 డిసెంబరులో రామనాథపురం ప్రాంతపు కళ్లర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు ప్రకటించారు. వాళ్లు బంగారు, వెండి నగలు పెట్టుకోకూడదన్నది వాటిలో మొదటిది. ఇక కేరళలో పులయ స్త్రీలు కులం గుర్తుగా రాతిపూసల దండలు మెడనిండా వేసుకుని తీరాలి. 1915లో కొల్లం దగ్గర పెరినాడులో అయ్యన్‌కాళి నాయకత్వాన ఆ స్త్రీలు దండలు తెంచి పారేశారు. ఒకచోట పెట్టుకునే హక్కు కోసం పోరాటం, ఇంకోచోట తీసేసే హక్కు కోసం పోరాటం. నగలు వద్దు అన్నది ప్రగతి, కావాలి అన్నది వెనకబాటు అని ఒకే కొలబద్దతో కొలిచేవాళ్లకు ఈ రెండు సంఘటనలూ ఒక్కచోట ఇమడవు. పెట్టుకోవాలా వద్దా అని నిర్ణయించే అధికారం ఎవరిది అని అడిగితే రెండూ ఒకే పోరాటమని తెలుస్తుంది.

ఇప్పుడు మన సాహిత్యం దగ్గరకు వద్దాం. 1936లో లక్నోలో అఖిల భారత అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అంతకు ఐదేళ్ల ముందు 'గబన్' నవల రాశాడు. చంద్రహారం మీద జాల్పా మోజు, దాన్ని తీర్చబోయి భర్త రమానాథ్ చేసిన అప్పులూ, వాడుకున్న ఆఫీసు సొమ్మూ ఆ నవల నడక. జాల్పా ఆ మోజు నుంచి బయటపడి ధైర్యవంతురాలవుతుంది. జీతం మీద బతికే మధ్యతరగతి డాంబికానికి అది గొప్ప విమర్శ. 1921లో కాకినాడలో పన్నెండేళ్ల దుర్గాబాయి తన బంగారు గాజులు తీసి గాంధీకి ఇచ్చింది. అదీ గొప్ప త్యాగమే. కాని త్యాగం చెయ్యడానికి ఉన్నవాళ్ల కథ అది. విప్పి ఇచ్చినా మర్నాడు పొయ్యి వెలిగే ఇంటి కథ. మనం ఈ కథల నీతిని తెచ్చి మెట్టపొలం కూలిదాని కాలికి తగిలించాం. ఆమె కడియాన్ని డాంబికం అన్నాం. ఆమె కడియం విప్పడాన్ని చూడలేదు.

1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చినప్పుడూ అంతే. పద్నాలుగు క్యారెట్లకు మించి కొత్త నగ చెయ్యకూడదన్నారు. బంగారం మోజు దేశానికి చేటని పత్రికలు రాశాయి. పని పోయిన కంసాలుల ఆత్మహత్యలు చిన్న వార్తలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన 1968 చట్టం 1990లో గాని రద్దు కాలేదు. ఆడదాని మోజును దండించబోయి పనివాడి చేతిని నరికిన చట్టమది. దాని మీద మన కథలెన్ని?

విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'ను నేను ఇక్కడ తలచుకుంటాను. తరిమెలలో పుట్టిన విశ్వం, కలిగిన ఇంటివాడై పుట్టి కూలికి దిగిన రంగడినీ అతని భార్య గంగమ్మనూ కావ్యనాయకులుగా నిలబెట్టాడు. కరువును దృశ్యంగా కాక బతుకుగా చూసినందువల్లనే ఆ కావ్యం ఇప్పటికీ నిలబడింది. మనకు కావలసింది ఆ చూపు.

తర్వాతి కథ మన కళ్ల ముందే నడిచింది. కొర్ర, జొన్న, సజ్జ పోయి వేరుశనగ వచ్చింది. తిండిపంట విత్తనం ఇంట్లో ఉండేది, వేరుశనగ విత్తనం కొనాలి. అందుకని జూన్‌లో విత్తే ముందు నగ కుదవకు పోవడం, పంట వస్తే సంక్రాంతి లోపల విడిపించుకోవడం ఒక వ్యవసాయ పనిగా మారిపోయింది. 1969 జాతీయీకరణ తర్వాత బ్యాంకులు కూడా బంగారం మీద పంట రుణాలిచ్చాయి. వడ్డీ తగ్గింది, తాకట్టు మాత్రం అదే. పైరెండితే వేలం నోటీసు. బోర్లు వచ్చాక మెట్టె తప్ప మిగతావన్నీ ఆ గుంతలోకి వెళ్లిన ఇళ్లు నాకు తెలుసు. నీళ్లు పడని బోరు కింద ఒక ఆడదాని పుట్టిల్లు పూడిపోయి ఉంటుంది. 1990ల చివరి నుంచి ఈ జిల్లా రైతు ఆత్మహత్యలకు పేరుపడింది. ఆ వార్తల్లో అప్పుల మొత్తం రాస్తారు. భార్య నగలు అంతకు ముందే ఎప్పుడో పోయిన సంగతి రాయరు.

ఇవాళ తాండాల్లో పూర్తి సొమ్ముతో కనిపించేది ఎక్కువగా ముసలివాళ్లే. దంతం పోయి ఎముక, ఎముక పోయి ప్లాస్టిక్ వచ్చింది. వెండి స్థానంలో అల్యూమినియం వచ్చింది. వాళ్ల మనవరాళ్లు కూలికో చదువుకో బెంగుళూరు బస్సెక్కుతున్నారు. అదే బెంగుళూరులో, హైదరాబాదులో, నల్లబరచిన వెండి రంగు కడియాలూ హాసలీలూ అద్దాల కొట్లలో వేలాడుతున్నాయి. పగలు ఆఫీసుకు నూలు చీర మీద ఒక్క పెద్ద కంటె, సాయంత్రం విందుకు పట్టుచీర మీద జబ్బ నిండా గాజులు, ఎట్లా పెట్టుకుంటే నిండుగా ఉంటుందో చెప్పే పత్రికలున్నాయి. పెట్టుకునే ఆ అమ్మాయిలను నేను తప్పుపట్టను. పెద్ద నగను ధైర్యంగా పెట్టుకోవాలన్న కోరికలో నాకు ఏ దోషమూ కనిపించదు. ఆ రూపాన్ని పుట్టించిన చెయ్యి, దాన్ని మోసిన కాలు ఆ ధరలో ఎక్కడా లేకపోవడమే నా అభ్యంతరం. సభల్లో స్వాగత నృత్యానికి మనం కూడా సుగాలీ వేషం వేయించాం. మన కథల్లో ఆమె అద్దాల రవికతో, గజ్జెల చప్పుడుతో ఒక పేరాలో వచ్చి పోయింది. సంతకు వెండి తెచ్చిన సుగాలీ స్త్రీ తక్కెడ ముందు ఏం మాట్లాడిందో మనలో ఎందరం రాశాం?

కథలో పాత్రకు ఒక నగ పెట్టేటప్పుడు అది ఏ పంట మిగులు, ఎవరి మజూరీ, ఏ కరువుకు పోతుంది అన్నది రచయితకు తెలిసి ఉండాలి. అదంతా కథలో చెప్పనక్కరలేదు. తెలిసి రాస్తే కాలు కదిపిన తీరులోనే అది పలుకుతుంది. తెలియకుండా రాస్తే ఎంత వర్ణించినా అది ప్రబంధమే అవుతుంది.

మా అవ్వ పోయినప్పుడు కాళ్లకు పసుపు రాశారు. మచ్చల మీద పసుపు సరిగా అంటలేదు. పక్కనున్న ముసలామె ఇంకొంచెం పసుపు తెచ్చి అక్కడ ఒత్తి ఒత్తి రాసింది. ఆమె చీలమండలకూ అవే మచ్చలున్నాయని నేను అప్పుడే చూశాను.